వెంట్ పైపులో రాత్రిపూట ఎలుకల చప్పుడు: జాలీ కడితే ఆగుతుందా?

పై అంతస్తు:

నమస్కారం అండీ. మాది నాలుగంతస్తుల బిల్డింగ్, నేనుండేది పై అంతస్తులో. పడకగది గోడ అవతలే బాత్రూమ్ పైపులు వెళ్లే షాఫ్ట్. నెల రోజులుగా రాత్రి పన్నెండు దాటాక ఆ గోడలో గోళ్లతో గీకుతున్న చప్పుడు. కిందినుంచి పైకి వస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ సర్రున కిందికి జారుతుంది. మా పాపకి ఎనిమిదేళ్లు. ఆ చప్పుడు వినపడగానే లేచి కూచుంటోంది, బాత్రూమ్‌కి ఒక్కతే వెళ్లనంటోంది. నాకూ నిద్ర లేదు.

నిన్న డాబా ఎక్కి చూశాను. మురుగు లైన్‌కి గాలి ఆడే మూడు వెంట్ పైపుల్లో ఒకదాని ప్లాస్టిక్ కౌల్, అదే నోటి మీది టోపీ, సగం ఊడి పక్కకి వాలిపోయింది. చేతిలోకి తీసుకుంటే అంచు పొడవునా రెండేసి గాట్లు, చిన్న ఉలితో చెక్కినట్టు పక్కపక్కనే. పైపు నోటి లోపలంచున నల్లటి జిడ్డు మరక, దానికి అతుక్కుని రెండు వెంట్రుకలు.

బిల్డింగ్ పనులు చూసే అతను నోట్లో స్టీల్ పీచు కుక్కేద్దాం అంటున్నాడు. పక్కింటాయన దోమల జాలీ బిగించి కట్టమన్నారు. ఏది చేయమంటారు?

పైపుల మనిషి:

రెండూ వద్దండీ. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కుక్కిన వెంట్ పైపులు చాలానే విప్పాను. పీచు తడికి తుప్పు పట్టి ముద్దయి లోపలికి జారుతుంది. దోమల జాలీ కళ్లు మరీ సన్నం. దుమ్ము, సాలెగూడు, ఎండుటాకు పట్టుకుని కొన్నాళ్లకే అట్టలా మూసుకుపోతుంది.

వెంట్ పైపు ఉన్నది వాసన పైకి పోవడానికి మాత్రమే అనుకుంటారు చాలామంది. గాలి లోపలికి రావడం అంతకన్నా ముఖ్యం. బిల్డింగ్‌లో ఎవరో ఫ్లష్ చేశారనుకోండి, ఆ నీళ్లు పైపులో దిగుతూ వెనకాల గాలిని లాగుతాయి. ఆ గాలి వెంట్ నుంచి రావాలి. రాకపోతే మీ నహానీ ట్రాప్‌లో, అంటే బాత్రూమ్ నేల జాలీ కింద ఉండే వంపులో, నిలిచిన నీళ్లని లాగేస్తుంది. మామూలుగా అక్కడ 50 మిల్లీమీటర్ల లోతు నీళ్లుంటాయి. మురుగు గాలికీ మీ గదికీ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే. సింకు గుడగుడమంటే, బాత్రూమ్‌లో వాసన మొదలైతే, ముందు డాబా మీద వెంట్ నోరు చూసుకోవాలి.

అందుకని జాలీని నోటికి బిళ్లలా అడ్డంగా కట్టకండి, బోనులా నిలబెట్టండి. లెక్క చూడండి. 100 మిల్లీమీటర్ల పైపు నోటి వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. అడ్డంగా కడితే తీగ మందానికే అందులో పావు వంతు దాకా పోతుంది. అదే వెడల్పున 100 మిల్లీమీటర్ల ఎత్తు బోను చేస్తే చుట్టూ, పైనా కలిపి జాలీ వైశాల్యం 390 దాటుతుంది, అంటే నోటికి ఐదు రెట్లు. నాలుగు ఆకులు పడ్డా గాలి ఆడుతుంది. జాలీ కన్ను 6 మిల్లీమీటర్లు దాటకూడదు, అంతకు పెద్దదైతే చిట్టెలుక దూరిపోతుంది. ప్లాస్టిక్ జాలీని కొరికేస్తాయి. తుప్పు పట్టని స్టీలు తీసుకుని పైపు బయట స్టీల్ క్లాంపుతో బిగించండి. స్క్రూలు లోపలికి పొడుచుకు రాకూడదు, చెత్త పట్టుకుంటుంది.

డ్రైన్ లైన్లు:

పైన చెప్పిన బోను సరైనదే. కానీ ఇవాళే బిగించకండి, దయచేసి. అవి పైనుంచి దిగుతున్నాయా, కిందినుంచి ఎక్కుతున్నాయా అన్నది ముందు తేల్చుకోండి. చప్పుడు కిందినుంచి పైకి వస్తోందన్నారు. మురుగు కాలవలో ఉండే ఎలుక ఈదగలదు, నిలువు పైపులోనూ ఎక్కగలదు. కింద దారి తెరిచి ఉంచి పైన మూసేస్తే, బయటపడే దారి కోసం మీ కమోడ్ వైపే తిరుగుతుంది. ట్రాప్‌లో నీళ్లు దాన్ని ఆపలేవు. పాప ఉన్న ఇల్లు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రాత్రి పడుకునే ముందు డాబా మీద ఆ పైపు మొదట్లో చుట్టూ టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. పొద్దున అడుగులు పడితే పైనుంచి వస్తుండొచ్చు. పడకపోతే కింద మురుగు పైపులు కలిసే గుంట, అదే ఛాంబర్, మూత తీయించి చూడండి. లోపలి గట్టు మీద పెంటికలు, గోడకి జిడ్డు చార ఉంటే కిందినుంచే. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. మూత తీశాక లోపలి మురుగు గాలి పోయేలా కాసేపు వదిలేయండి. లోపలికి మాత్రం ఎవరూ దిగొద్దు, అగ్గిపుల్ల వెలిగించొద్దు.

పై అంతస్తు:

పౌడర్ మూడు రాత్రులు చల్లాను. ఒక్క అడుగూ లేదు, చప్పుడు మాత్రం మూడు రాత్రులూ వచ్చింది. నిన్న ఛాంబర్ తెరిపించాం. మీరన్నట్టే గట్టు మీద నల్లటి పెంటికలు. మాకు తెలియనిది ఇంకొకటి బయటపడింది. పక్క గోడలో అరచేతి వెడల్పు పాత పైపు నోరు తెరుచుకుని ఉంది. దాని చుట్టూ సిమెంట్ రాలిపోయింది, మట్టి కనిపిస్తోంది. అందులోంచి నీళ్లేమీ రావట్లేదు. ఎప్పుడో తీసేసిన బాత్రూమ్‌దట.

డ్రైన్ లైన్లు:

అదేనండీ. వాడకంలో లేని కనెక్షన్లే వీటికి ఇల్లు. లోపల కాంక్రీట్ నింపి చివర మూయించండి, పైపైన సిమెంట్ పూస్తే తవ్వేస్తాయి. ఇంకెక్కడైనా పైపు పగిలిందేమోనని లైన్‌లోకి పొగ వదిలి చూడమనండి, ఎక్కడ పొగ లేస్తే అక్కడ కన్నం. ఆ తర్వాత ఛాంబర్ నుంచి మెయిన్ లైన్‌కి వెళ్లే చోట స్టీల్ ఫ్లాప్ పెట్టించుకోవచ్చు. నీళ్లు బయటికి పోయేటప్పుడు తెరుచుకుంటుంది, ఎదురొచ్చే ఎలుకకి మూసే ఉంటుంది. వేరే బిల్డింగ్ నీళ్లు కూడా మీ లైన్‌లోంచే పోతుంటే మాత్రం పెట్టకూడదు.

పైపుల మనిషి:

ఫ్లాప్ పెట్టి మర్చిపోకండి. వెంట్రుకలు, గుడ్డపీలికలు అంచున చిక్కుకుంటే అది మూసుకోదు, ఒక్కోసారి తెరుచుకోనూ తెరుచుకోదు. రెండు మూడు నెలలకోసారి ఛాంబర్ తెరిచి కడిగించాలి, ఆ పని ఫలానా మనిషిదని ఇప్పుడే అనుకోండి. కింద పని అయ్యి, వారం రోజులు చప్పుడు లేదని తేలాకే పైన బోనులు. మూడు పైపులకీ పెట్టండి, ఆ ఒక్కదానికే కాదు. డాబా మీదికి వాలిన చెట్టు కొమ్మలుంటే కొట్టించేయండి.

పై అంతస్తు:

పాత పైపు మూయించి పన్నెండు రోజులైంది. పొగ పెడితే షాఫ్ట్ కింద ఒక జాయింట్ దగ్గర కూడా లేచింది, అదీ మార్పించాం. మొదటి రెండు రాత్రులు చప్పుడు వచ్చింది, తర్వాత లేదు. నిన్న మూడు బోనులూ బిగించాం. పాప రాత్రి లేవట్లేదు గానీ, బాత్రూమ్ తలుపు దగ్గర నన్ను నిలబడమంటోంది ఇంకా. ఫ్లాప్ సంగతి ఈ ఆదివారం మీటింగ్‌లో పెడుతున్నాను.