చర్చ: మొలతాడు చుట్టూ గుండ్రటి మచ్చలు, దురద తగ్గట్లేదు

పరకాల పోరడు: మా బాపుకు మొలతాడు కట్టే చోట, తొడ సందుల్లో గుండ్రంగా మచ్చలు లేచాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గుతుంది, ఆపగానే మళ్లీ లేస్తుంది. ఇప్పుడు పొట్ట మీదికి పాకింది. పత్తి చేలో చెమటకు ఇంకా ఎక్కువ. రాత్రంతా గీరుకుంటూనే ఉంటాడు.

హన్మకొండ అక్క: అంచు ఎర్రగా ఉబ్బి, నడిమి మామూలుగా ఉంటే తామర కావచ్చు, అంటే ఫంగస్‌తో వచ్చే చర్మ జబ్బు. ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉందా తమ్మీ?

పరకాల పోరడు: ఉందక్కా. పక్కన ఇంకేవో పేర్లు కూడా ఉన్నాయి.

హన్మకొండ అక్క: అదే అసలు సంగతి. అది స్టెరాయిడ్. ఎరుపు, దురద అణుగుతాయి, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. పోనుపోను అంచు చెదిరి డాక్టర్లకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. తొడ సందుల్లో చర్మం పలచబడి చారలు పడితే అవి పోవు. ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే రూలు పెట్టారు, షాపులో అడిగేదెవరు? మా ఆయనకైతే మచ్చ అంచున బ్లేడుతో పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూశారు. ఫంగస్ అని అప్పుడే తేలింది. లులికొనజోల్ పూత, ఇట్రాకొనజోల్ గోళీలు రాశారు. గోళీలు మాత్రం సొంతంగా మింగొద్దు, లివరు సంగతి, వేరే మందుల సంగతి డాక్టరుకు చెప్పాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు పూయమన్నారు. తువ్వాల, లుంగీ వేరుపెట్టి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. మొలతాడు తీయనంటాడేమో, కనీసం కొత్తది కట్టించు.

ఏనుమాముల మిర్చి: దురదలన్నీ తామర కావు. మా పెద్దబాపుకు ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లగా మందమయ్యాయి, చొక్కా కింద ఒళ్లు శుభ్రం. వయ్యారిభామ కలుపు మొక్క పడక అన్నారు. దాన్ని ముట్టక్కర్లేదు, ఎండిన పొడి గాలికొచ్చినా చాలట. ఆయనకు తగ్గింది మాత్రం స్టెరాయిడ్‌తోనే, డాక్టరు చూసి ఇచ్చింది.

ములుగు రోడ్: ఇంటిల్లిపాదికీ రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే గజ్జి అనుకోవాలి. పర్మెత్రిన్ పూత మెడ నుంచి అరికాలి దాకా అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి, వారానికి మళ్లీ ఒకసారి. వేపాకు నీళ్లను నమ్ముకుని కూచోవద్దు.

కాజీపేట జంక్షన్: కొత్త గోళీ వేసుకున్నాక ఒళ్లంతా దద్దు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే ఇక్కడ అడుగుతూ కూచోకుండా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పొండి.

పరకాల పోరడు: అమ్మకు కూడా మొదలైనట్టుంది, ఇద్దరిదీ ఒకటే తువ్వాల. ట్యూబు ఆపితే మంట పెరుగుతుందా అక్కా?

హన్మకొండ అక్క: కొందరికి పెరుగుతుంది. భయపడి మళ్లీ రాయొద్దు. అమ్మను కూడా తీసుకెళ్లి ఆ ట్యూబే డాక్టరుకు చూపించు.