పశ్చిమ ఆస్ట్రేలియా అడవిపూలు: ముల్లెవా వైపు నాలుగు రోజులు, ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి?

అడిగినవారు

నమస్కారం అండి. అమ్మానాన్నలు విజయవాడ నుంచి పెర్త్ వస్తున్నారు. ఇద్దరికీ 68 దాటాయి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, ఎక్కువ దూరం నడవలేరు. నేలంతా పూలు పరిచినట్టున్న ఫొటోలు చూసి, చూస్తే అదే చూడాలంటున్నారు. చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి. ఆగస్టు ఆఖరి వారం మంచిదా, సెప్టెంబరు చివర బడి సెలవులు మంచివా? అద్దె కారు, మామూలు సెడాన్. అందరం శాకాహారులం. పెర్త్‌కి ఉత్తరాన ముల్లెవా అనే ఊరి పేరు విన్నాం. తిన్నగా అక్కడికి వెళ్లిపోతే సరిపోతుందా?

గెరాల్డ్‌టన్ సభ్యుడు

తివాచీ పరిచినట్టుండే పూలే కావాలంటే ఆగస్టు ఆఖరి వారం. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఆ పూలని ఎవర్‌లాస్టింగులు అంటారు. మన కాగితం పూలతో పోల్చకండి, ఇవి చామంతి జాతివి, జానెడు ఎత్తు మొక్కలు. రేకుల్ని వేలితో తాకితే ఎండిన ఉల్లిపొర తాకినట్టు గరగరలాడతాయి. ఏప్రిల్, మే వానలకి మొలుస్తాయి, జూన్, జూలై వానలకి ఎదుగుతాయి, ఎండ ముదరగానే విత్తనం రాల్చి ఎండిపోతాయి. అందుకే ఉత్తరాన ముందు, దక్షిణాన ఆలస్యం. యాల్గూ, ముల్లెవా వైపు జూలై చివర మొదలై సెప్టెంబరు మధ్యకి తగ్గుముఖం పడతాయి. పెర్త్ చుట్టుపక్కల సెప్టెంబరు. దక్షిణాన స్టిర్లింగ్ కొండలు, ఆల్బనీ వైపు సెప్టెంబరు, అక్టోబరు. సెప్టెంబరు చివర ముల్లెవా వెళ్తే తివాచీ స్థానంలో ఎండుగడ్డి కనబడే అవకాశమే ఎక్కువ.

ఇక "ముల్లెవా వెళ్తే చాలా" అన్నారు. చాలదండీ. ఇక్కడ పూలకి చిరునామా ఉండదు. వాన ఒక పొలం మీద పడి పక్క పొలాన్ని వదిలేస్తుంది. పోయినేడు ఫొటోల్లో గులాబీ రంగులో మెరిసిపోయిన చోటు ఈ ఏడు ఉత్త ఎర్రమట్టిగా ఉండొచ్చు. బయల్దేరే ముందు రోజు ముల్లెవా, మొరావా, మింగెన్యూ విజిటర్ సెంటర్లకి ఫోన్ చేయండి. "పూలున్నాయా" అని అడిగితే "ఉన్నాయి" అంటారు, అంతే. "ఈ వారం ఏ రోడ్డు మీద, ఊరి నుంచి ఎన్నో కిలోమీటరు దగ్గర, ఏ పక్కన, అది మట్టిరోడ్డా తారురోడ్డా" అని అడగండి. అక్కడ కూర్చునేవాళ్లలో చాలామంది స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలే. ఊళ్లోకి వెళ్లాక మ్యాపు మీద పెన్నుతో గుర్తు పెట్టి మరీ చేతికిస్తారు.

పెర్త్ నుంచి ఒక సభ్యురాలు

పై జవాబుకి ఒక్క ముఖ్యమైన మాట చేర్చాలి: ఎన్నింటికి చూస్తారన్నది. ఎవర్‌లాస్టింగులు చలికి, మబ్బుకి, చెమ్మకి ముడుచుకుపోతాయి. తెల్లవారుజామున లేచి సూర్యోదయానికి చేరుకుంటే తివాచీ కనబడదు, మూసుకున్న మొగ్గలే కనబడతాయి. ఎండ బాగా తగిలాక, 10 గంటల నుంచి మధ్యాహ్నం 3 దాకా విచ్చుకుని ఉంటాయి. వాన పడే రోజైతే ఆ రోజు పూలని వదిలేసి, ప్రయాణం ఆ రోజుకి జరుపుకోండి.

ఆగస్టులో రాత్రిపూట లోతట్టున 5 డిగ్రీల దాకా పడిపోవచ్చు, పగలు 20 దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లకి స్వెట్టరు, మంకీ క్యాపు రెండూ పెట్టండి.

దారుల సంగతి తెలిసినవాడు

నాలుగు రోజులకి వెళ్లిన దారినే తిరిగి రాకుండా ఇలా చుట్టి రావచ్చు.

మొదటి రోజు పెర్త్ నుంచి గ్రేట్ నార్తర్న్ హైవే మీద డాల్వాలినూ, వూబిన్. సుమారు 270 కిలోమీటర్లు. వూబిన్‌లో ఎడమకి తిరిగితే పెరెంజోరీ, మొరావా మీదుగా ముల్లెవా దారి. దీన్నే వైల్డ్‌ఫ్లవర్ వే అంటారు, తారురోడ్డే. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ రాత్రి మొరావాలో ఆగిపోండి. ఒకే రోజులో ముల్లెవా దాకా లాగితే దాదాపు 450 కిలోమీటర్లవుతుంది, చివరి గంట చీకట్లో పడుతుంది. ఆ చివరి గంటే ప్రమాదం, కింద చెబుతాను.

రెండో రోజు ముల్లెవా, అక్కణ్ణించి తూర్పుగా 30 కిలోమీటర్ల దూరంలో పిండార్. రీత్ ఫ్లవర్ అనే పువ్వు కోసం. మూడో రోజు కోల్‌సీమ్ పార్కు, మింగెన్యూ, డొంగరా, సముద్రం పక్కగా జూరియన్ బే. నాలుగో రోజు లెసూర్ నేషనల్ పార్కు చూసి పెర్త్. జూరియన్ బే నుంచి పెర్త్ 220 కిలోమీటర్లు. దారిలోనే సర్వాంటిస్ దగ్గర పినకిల్స్ రాతి స్తంభాలున్నాయి, అక్కడ కార్లోంచి దిగకుండానే లోపలంతా తిరగొచ్చు, మీ నాన్నగారికి హాయి.

ఇప్పుడు కారు సంగతి. అద్దె ఒప్పందంలో మూడు విషయాలు చదవండి: మట్టిరోడ్డు మీద అనుమతి ఉందా, ఊళ్ల బయట రాత్రి నడపొచ్చా, జంతువుని గుద్దితే బీమా వర్తిస్తుందా. ఈ రాష్ట్రంలో చాలా ఒప్పందాల్లో పొద్దుగుంకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా పట్టణం బయట నడిపితే బీమా వర్తించదని రాసి ఉంటుంది. కారణం కంగారూలు. అవి మేతకి వచ్చేది ఆ వేళకే. రోడ్డుకి అడ్డం వస్తే బ్రేకు తొక్కండి కానీ స్టీరింగు తిప్పకండి. తిప్పితే బండి పల్టీ కొడుతుంది.

రోడ్డు మీద రెండో ప్రమాదం రోడ్ ట్రెయిన్లు. ఒక ఇంజను బండికి రెండు మూడు ట్రెయిలర్లు తగిలించిన లారీలు. వూబిన్ వాటిని జతచేసే చోటు. అక్కణ్ణించి హైవే మీద ఉత్తరానికి పోయేవి 53.5 మీటర్ల పొడుగు దాకా ఉంటాయి. దాటాలంటే ఎదర ఖాళీ రోడ్డు చాలా దూరం కనబడాలి, లేకపోతే వెనకే ఉండండి. సన్న తారురోడ్డు మీద ఎదురొస్తే వేగం తగ్గించి, ఎడమ పక్కకి దిగి, తారు దానికే వదిలేయండి. పౌరుషానికి పోతే కంకర ఎగిరి అద్దం పగిలేది మనదే.

పెట్రోలు సగానికి రాగానే నింపేయండి. చిన్న ఊళ్లలో కొన్ని బంకుల్లో మనిషే ఉండడు, కార్డు పెట్టి మనమే పట్టుకోవాలి. పిండార్‌లో బంకు లేదు. ముల్లెవాలోనే నింపుకుని వెళ్లండి.

అడిగినవారు

ఎంత వివరంగా చెప్పారండీ, ధన్యవాదాలు. రీత్ ఫ్లవర్ అంటే ఏమిటి? మట్టిరోడ్డుకి అనుమతి లేకపోతే వదిలేసుకోవాలా?

మొక్కల సంగతి తెలిసినవారు

దాని శాస్త్రీయ నామం లెషనాల్టియా మాక్రాంథా. బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు గుర్తుందా, అచ్చం అలాగే ఉంటుంది. మొక్క నేలకి అంటుకుని గుండ్రంగా పాకుతుంది. మధ్యలో సన్నటి ఆకుపచ్చ ఆకులు, పూలన్నీ అంచు చుట్టూ మాత్రమే. పువ్వు మధ్యలో మీగడ రంగు, రేకుల అంచులకి గులాబీ, ఎరుపు. ఎవరో దండ గుచ్చి నేలమీద పెట్టి వెళ్లారనుకుంటారు.

చిత్రం ఏమిటంటే అది మంచి అడవిలో కాకుండా, రోడ్డు చదును చేసే గ్రేడరు బండి గీకిన రోడ్డు అంచు కంకరలో బాగా వస్తుంది. కదిలించిన నేలంటే దానికిష్టం. పిండార్ నుంచి బెరింగారా వైపు వెళ్లే మట్టిరోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉండే చోటు అందరికీ తెలిసిందే. ఆగస్టు చివర మొదలై సెప్టెంబరంతా పూస్తుంది. మీరు వెళ్లే వారం ఇంకా మొగ్గల్లోనే ఉన్నా ఉండొచ్చు, విచ్చుకున్నాయో లేదో ఫోన్లో ఇది కూడా అడగండి. కార్లోంచి చూస్తూ పోతే దాటిపోతారు, నెమ్మదిగా వెళ్తూ రోడ్డు అంచునే చూడాలి. నడక పది అడుగులే కాబట్టి నాన్నగారికి ఇబ్బంది లేదు. కానీ బండి ఆపేటప్పుడు అంచుకి దింపకండి, చక్రం కింద పడేది ఆ పువ్వే.

అనుమతి లేకపోతే ఆ రోడ్డెక్కకండి. తారురోడ్డు దగ్గర్లో ఎక్కడైనా పూసిందేమో ముల్లెవాలోనూ, మొరావాలోనూ అడగండి, కొన్నేళ్లు దొరుకుతుంది. లేకపోయినా ముల్లెవాలో మాన్సిన్యోర్ జాన్ హాస్ అనే ఆర్కిటెక్టు పాదిరి 1920 నుంచి 1927 వరకు కట్టిన రాతి చర్చి ఉంది. మబ్బు పట్టిన పూట దానికి వాడుకోండి.

గెరాల్డ్‌టన్ సభ్యుడు

కోల్‌సీమ్ గురించి రెండు మాటలు. 1846లో గ్రెగరీ సోదరులు ఈ రాష్ట్రంలో మొదటిసారి బొగ్గు కనుక్కున్నది అక్కడే, అర్విన్ నది ఒడ్డున. వాన సరిగ్గా పడిన ఏడాది ఎవర్‌లాస్టింగులు చూడ్డానికి దానికి మించిన చోటు లేదనే నా అభిప్రాయం. పసుపు, తెలుపు, గులాబీ కలిసి పూస్తాయి. లోపల తాగునీళ్లు లేవు, మనిషికి రోజుకి 4, 5 లీటర్లు కార్లో పెట్టుకోండి. వాన పడితే నది దాటే చోటు మునుగుతుంది, మట్టిరోడ్లు మూసేస్తారు. "రోడ్ క్లోజ్డ్" బోర్డు దాటి వెళ్తే జరిమానా, బురదలో దిగబడితే లాగే ఖర్చు అదనం. బోర్డు కనబడగానే వెనక్కి తిరగండి.

ఫొటోల కోసం పూల మధ్యకి వెళ్లి పడుకోవద్దని మర్యాదగా మనవి. ఒకసారి తొక్కిన చోట ఆ ఏడాది మళ్లీ లేవదు. కాలిబాట అంచునే కూర్చుని, కెమెరా పూల ఎత్తుకి దించి తీస్తే వెనకాల ఉన్న ఖాళీలన్నీ మూసుకుపోయి పూల సముద్రంలా వస్తుంది. మీరు చూసిన ఫొటోల్లో సగం ఈ కిటుకే!

కొత్తగా చేరిన సభ్యురాలు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు సెప్టెంబరు చివర తప్ప సెలవు దొరకదు. ఇంకో సందేహం, అప్పుడే బతుకమ్మ రోజులు కదా, రోడ్డు పక్కన పూలు నాలుగు కోసుకోవచ్చా?

మొక్కల సంగతి తెలిసినవారు

కోయకూడదమ్మా. రోడ్డు అంచు కూడా ప్రభుత్వ భూమే. లైసెన్సు లేకుండా దేశవాళీ పువ్వు ఒక్కటి తుంపినా నేరం, 2016 నాటి జీవవైవిధ్య సంరక్షణ చట్టం కింద జరిమానా పెద్దదే. కంచె దాటి పొలంలోకి వెళ్తే అదింకో తప్పు. బతుకమ్మకి బజారు పూలు, పెరటి బంతిపూలు పెట్టుకోండి.

మీ తేదీలకి ఉత్తరం వదిలేసి దక్షిణం వెళ్లండి. స్టిర్లింగ్ కొండల్లో 1,500కి పైగా మొక్క జాతులు, ఆర్కిడ్లు మెండు. బ్లఫ్ నోల్ 1,000 మీటర్లు దాటిన శిఖరం, ఎక్కలేకపోయినా కింద కారు ఆపే చోటు దాకా వెళ్లే దారి పొడవునా పూలుంటాయి. లేదూ పెర్త్ వదలలేమంటే కింగ్స్ పార్కు. 400 హెక్టార్లు, ప్రవేశం ఉచితం, సెప్టెంబరులో పూల ఉత్సవం. రాష్ట్ర పుష్పమైన ఎరుపు, ఆకుపచ్చ కంగారూ పావ్ అక్కడే చూడొచ్చు. ఆ వారాల్లో బడి సెలవులు, రాజుగారి పుట్టినరోజు సెలవు దగ్గరదగ్గరగా వస్తాయి, గదులు నెలల ముందే పట్టుకోండి.

ఇది ఇద్దరికీ: బూట్లు, టైర్ల మట్టి దులిపి గానీ పార్కుల్లోకి వెళ్లకండి. ఫైటాఫ్తొరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి బురదలో ప్రయాణించి వేర్లని కుళ్లబెడుతుంది. ముఖ్యంగా బ్యాంక్సియాలనే ఇక్కడి దేశవాళీ చెట్లు గుంపులుగా చచ్చిపోతాయి. దీన్నే డైబ్యాక్ అంటారు. లెసూర్, స్టిర్లింగ్ రెండింటికీ ఈ బెడద ఉంది. బూటు అడుగున బ్రష్షుతో గట్టిగా రుద్దండి, నీళ్లు పోసి వదిలేస్తే బురద ఇంకా పాకుతుంది.

అడిగినవారు

లెసూర్ నాన్నగారికి వీలవుతుందా? తిండి సంగతి కూడా కాస్త చెప్పండి.

పెర్త్ నుంచి ఒక సభ్యురాలు

ఆయనకి అన్నిటికన్నా లెసూరే సుఖం. లోపల 18.5 కిలోమీటర్ల తారుదారి, ఒకవైపే వెళ్లాలి, మధ్యమధ్య ఆపుకునే చోట్లున్నాయి. వెనక్కి తిరగడం కుదరదు కాబట్టి బాత్రూము పనులు జూరియన్ బేలోనే కానిచ్చుకోండి. ప్రవేశ రుసుము మనిషికి కాదు, బండికి. ఇక్కడ తివాచీ ఉండదని ముందే చెప్పండి, లేకపోతే నిరాశపడతారు. నడుమెత్తు పొదలు, 900కి పైగా మొక్క జాతులు. కారు దిగి ఒకచోటే పది నిమిషాలు నిలబడి చూస్తే ఒక్కో పొద ఒక్కో రకమని తెలుస్తుంది. వాన తక్కువైన ఏడాది తివాచీలు పలచబడినా ఈ పొదలు పూస్తాయి, అందుకే దీన్ని చివరి రోజుకి పెట్టింది.

తిండికి రోడ్‌హౌసుల్లో, అంటే హైవే పక్క పెట్రోలు బంకు హోటళ్లలో, మనకి దొరికేది చిప్స్, టోస్టు, చీజ్ శాండ్‌విచ్. మొదటి రోజుకి పులిహోర కలిపి పట్టుకెళ్లండి, పెరుగు ఎస్కీలో, అంటే ఐసు పెట్టెలో, ఐసుతో పెట్టండి. క్యారవాన్ పార్కుల్లో క్యాబిన్ తీసుకుంటే స్టవ్వు ఉందో, మైక్రోవేవ్ ఒక్కటే ఉందో బుకింగప్పుడే అడగండి. చిన్న రైస్ కుక్కర్ ఉంటే ఏ గొడవా లేదు. కొట్లు శనివారం మధ్యాహ్నానికే మూసేయొచ్చు, కూరగాయలు పెర్త్‌లోనే కొనేయండి. సిడ్నీ, మెల్‌బోర్న్ మీదుగా వచ్చేవాళ్లెవరైనా ఉంటే పళ్లు, తాజా కరివేపాకు, తేనె తేవద్దనండి, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో తీసేసుకుంటారు.

దారుల సంగతి తెలిసినవాడు

ఫోను కూడా చూసుకోండి. ఊళ్ల మధ్య టెల్‌స్ట్రా నెట్‌వర్కు తప్ప మిగతావి దాదాపు పట్టవు, అదీ కొన్నిచోట్ల ఉండదు. పెర్త్‌లోనే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని, కాగితం మ్యాపు ఒకటి ఉంచుకోండి. గూగుల్ దగ్గరదారి చూపిస్తే తొందరపడి తిప్పకండి, అది సాధారణంగా మట్టిరోడ్డే అయ్యుంటుంది. ఈగలు ముక్కు, కళ్ల మీదే వాలతాయి కాబట్టి టోపీ మీద వేసుకునే వల అందరికీ కొనండి. ఆగి దిగేటప్పుడు ఎండుగడ్డి మీద కారు నిలపకండి, సైలెన్సరు వేడికి నిప్పంటుకుంటుంది. కాళ్లకి మూసిన బూట్లు వేయించండి, ఎండ కాచే వేళ పాములూ బయటికొస్తాయి. అమ్మగారు చెప్పులతోనే తిరుగుతానంటే ఆవిడ్ని కంకర అంచు దాటనివ్వకండి.