చక్రాలు ముడుచుకునే విమానానికి కొత్త పైలట్ సిద్ధమయ్యాడని తేల్చేది ఎవరు?

నీలిరెక్క:
లైసెన్సు వచ్చి పది నెలలైంది. లాగ్‌బుక్కులో 95 గంటలున్నాయి, అన్నీ చక్రాలు ఎప్పుడూ కిందే ఉండే సెస్నా 172 మీదే. ఇప్పుడు చక్రాలు ముడుచుకునే పాత బొనాంజా మీద ఆరు గంటల శిక్షణ పూర్తయింది. ల్యాండింగులు బాగానే వస్తున్నాయి, చక్రాలు దించడం ఒక్కసారి కూడా మరచిపోలేదు. అయినా దీన్ని సొంతంగా నడపవచ్చని మా బోధకుడు లాగ్‌బుక్కులో సంతకం పెట్టకుండా "ఇంకా కాలేదు" అంటున్నారు. దీనికి కొలత ఏదైనా ఉందా, లేక ఆయన మనసుకు తోచిందే కొలతా?

రన్‌వే27:
గంటలే కొలత. అమెరికా 61.31 నిబంధనలో గంటల లెక్క లేదని, శిక్షణ ఇచ్చిన బోధకుడు నైపుణ్యం ఉందని రాస్తే చాలని నాకూ తెలుసు. కానీ బీమా వాళ్ళు గంటలే అడుగుతారు, ఎందుకంటే నష్టం వస్తే కట్టవలసింది వాళ్ళు.

మూడులీవర్లు:
నేను ల్యాండింగు చూసి సంతకం పెట్టను, కిందికి దిగడం ఎక్కడ మొదలుపెట్టారో చూస్తాను. నిమిషానికి 500 అడుగుల చొప్పున 6,000 అడుగులు దిగడానికి 12 నిమిషాలు పడుతుంది. 110 నాట్ల వేగంతో వెళ్ళే 172లో అది 22 నాటికల్ మైళ్ళు, 165 నాట్లతో వెళ్ళే బొనాంజాలో 33. పాత అలవాటుతో ఆలస్యంగా మొదలుపెట్టినవారు ముక్కు కిందికి నొక్కుతారు, విమానం నున్నగా, గాలికి అడ్డు తక్కువగా ఉంటుంది కనుక వేగం ఇంకా పెరుగుతుంది, ఆ వేగంలో చక్రాలు దించకూడదు కనుక అవి కూడా బ్రేకులా పనికిరావు. చివరికి ఇంధనం-గాలి మిక్స్చరు, ప్రొపెల్లరు కోణం, రెక్కల ఫ్లాపులు, రేడియో అన్నీ ఒక్క నిమిషంలో మీద పడతాయి. చక్రాలు మరచిపోయేది ఆ నిమిషంలోనే.

రన్‌వే27:
మరచిపోతే చక్రాలు దిగలేదని హెచ్చరించే హారన్ మోగుతుంది కదా.

మూడులీవర్లు:
థ్రాటిల్, అంటే ఇంజిను శక్తి, బాగా తగ్గిస్తేనే మోగుతుంది.

గాలిమర:
మోగుతున్నా వినిపించుకోని పైలట్ పక్కన నేను కూర్చున్నాను.

రన్‌వే27:
హారన్ సంగతి వదిలేయండి. నన్ను ఒక బోధకుడు "ఇంకా కాలేదు" అంటూ 25 గంటలు తిప్పారు. ఆ విమానం అద్దె ఆయనకే చేరుతుందని తరువాత తెలిసింది. అంకె చెప్పని బోధకుడి మాట నేను నమ్మను, మీ మాటైనా సరే.

మూడులీవర్లు:
నన్ను మీ బోధకుడితో జతకట్టకండి. రోజూ అడుగుతున్నాడని, ల్యాండింగులు ముచ్చటగా ఉన్నాయని ఒక కుర్రవాడికి ఎనిమిది గంటలకే సంతకం పెట్టాను. మూడో వారం టవర్ చివరి నిమిషంలో రన్‌వే మార్చింది, అతడు చక్రాలు మరచి విమానాన్ని పొట్టమీద దించాడు. దెబ్బలు తగలలేదు కానీ ప్రొపెల్లరు వంకరపోయింది, ఇంజిను మొత్తం విప్పవలసి వచ్చింది. లాగ్‌బుక్కులో ఉన్న సంతకం నాది. అప్పటినుంచి నేనే చివరి మలుపులో రన్‌వే మారుస్తాను, చక్రాల మోటారుకు కరెంటు ఆపే బ్రేకర్ లాగేస్తాను, ఆ గందరగోళంలో ముందు విమానాన్ని నడుపుతున్నారా లేదా అని చూస్తాను.

నీలిరెక్క:
ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. పోయిన వారం ఆయన కూడా బ్రేకర్ లాగారు. అప్పుడు చక్రాలు చేత్తో దించడానికి సీటు వెనక ఉన్న క్రాంకు దాదాపు 50 చుట్లు తిప్పాలి. తల వెనక్కి తిప్పి దానితో కుస్తీ పడుతుండగా 400 అడుగులు కిందికి జారిపోయాను. ఆయన ఏమీ అనలేదు. కారణం అదేనని ఆ రోజే చెప్పి ఉంటే ఈ ప్రశ్న ఇక్కడ పెట్టేవాడినే కాదు.

మూడులీవర్లు:
అక్కడ తప్పు మీ బోధకుడిదే. సంతకం ఆపినవారు ఎందుకు ఆపారో చెప్పాలి.

రన్‌వే27:
నేను మొదటినుంచీ అంటున్నది అదే. ఏమేమి చూస్తారో శిక్షణకు ముందే కాగితం మీద రాసివ్వాలి.

మూడులీవర్లు:
మీరు మొదట అడిగింది గంటలు, కాగితం కాదు. అయినా రాసివ్వడానికి నాకు అభ్యంతరం లేదు, బ్రేకర్ ఏ రోజు లాగుతానో మాత్రం అందులో ఉండదు.

నీలిరెక్క:
రేపు ఉదయం మళ్ళీ ఎగురుతున్నాం. ముందు ఆయన్ను కారణం అడుగుతాను. క్రాంకు తిప్పేటప్పుడు ఎత్తు జారకుండా ఆటోపైలట్ పెట్టుకోవచ్చా?

రన్‌వే27:
నిక్షేపంగా పెట్టుకోండి.

మూడులీవర్లు:
పెట్టుకోండి. నేనైతే దాని బ్రేకర్ కూడా లాగుతాను.