‘అనిపించింది’, ‘అనుకున్నాను’: ఈ రెంటి మధ్య ఏముంది?

మొన్న ఆదివారం సాయంత్రం నాన్నని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. బీపీ ఉంది, ఉప్పూ కారాలూ తగ్గించమన్నారు డాక్టరు. మురీ మిక్స్చర్ బండి దగ్గరికి రాగానే నాన్న నడక ఆగింది. బండబ్బాయి మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా వేసి, నిమ్మచెక్క పిండి, గిన్నెలో గరిటె టకటకలాడిస్తున్నాడు. నాన్న జేబులోంచి ఇరవై నోటు సగం బయటికొచ్చింది. ఒక్క క్షణం ఆగి దాన్ని మళ్లీ లోపలికి తోసేశారు. “తినాలనిపించిందమ్మా. వద్దనుకున్నాను” అన్నారు.

మనిషికి స్వేచ్ఛ ఉందా, లేక అంతా కారణాల గొలుసేనా అని ఈ గుంపులో ‘తలరాత’ మాట దగ్గర చాలా వాదించుకున్నాం. నాన్న మాటలు విన్నాక, ఆ చర్చ తలరాత దగ్గర కాదు, ఈ రెండు క్రియల దగ్గర మొదలుపెట్టాల్సింది అని నాకు గట్టిగా తోచింది.

రెండూ ‘అను’ నుంచి వచ్చినవే. ‘అనిపించు’ ప్రేరణార్థకం, అంటే ఇంకొకరి చేత చేయించడాన్ని చెప్పే క్రియ. “వాడిచేత సారీ అనిపించాను” అంటే అనిపించింది నేను. మరి “నాకు తినాలనిపించింది” అన్నప్పుడు అనిపించిందెవరు? వాక్యంలో ఎక్కడా లేదు. నేనేమో ‘నాకు’ అయిపోయి పక్కన నిలబడ్డాను. కోపం వచ్చింది, ఆకలేసింది, గుర్తొచ్చింది, బుద్ధి పుట్టింది... అన్నీ ఇదే దారి. ‘అనుకున్నాను’లో మాత్రం నేనే కర్తని. (“వాన పడుతుందనుకున్నాను” లాంటి ఊహల సంగతి వేరు. నేను చెప్పేది ‘వెళ్దామనుకున్నాను’, ‘వద్దనుకున్నాను’ గురించి.)

దీనికో పరీక్ష ఉంది. ఆజ్ఞగా మార్చి చూడండి. “అలా అనుకోకు” అంటాం. “నీకు అలా అనిపించకు” అంటే అతకదు. “కోపం తెచ్చుకోకు” అని పిల్లాడికి చెబుతాం, “కోపం వచ్చుకోకు” అని ఎవరూ అనరు. మనిషి చేతిలో ఉందని నమ్మిన చోటికే తెలుగు ఆజ్ఞని పంపిస్తుంది.

ఇక్కడే నాకు మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం గుర్తొస్తుంది. ఎప్పుడు కదపాలనిపిస్తే అప్పుడు చెయ్యి కదపమన్నారు. ఆ కోరిక కలిగిన క్షణాన్ని, గుండ్రంగా తిరుగుతున్న ఒక చుక్కని చూసి చెప్పమన్నారు. కదలికకి సుమారు 0.55 సెకన్ల ముందే మెదడులో విద్యుత్ సన్నాహం మొదలైంది. కోరిక తెలిసింది మాత్రం సుమారు 0.2 సెకన్ల ముందు. అంటే మనకి తెలిసేలోపే మెదడు పని మొదలుపెట్టేసింది, ఇక స్వేచ్ఛ లేదన్నారు చాలామంది. కానీ అక్కడ కొలిచింది ‘అనిపించడాన్ని’. అది నా పని అని తెలుగు ఏనాడూ అనలేదు కదా! లిబెట్ కూడా, పుట్టిన కోరికని చివరి క్షణంలో ఆపే వీలు మనిషికి ఉందనే అన్నాడు. నాన్న నోటు జేబులోకి తిరిగి వెళ్లింది ఆ సందులోనే అని నా నమ్మకం.

*

ఒక సభ్యురాలి వ్యాఖ్య: ‘అనుకోకుండా’ని కూడా కలపండి. చెయ్యి తగిలి గ్లాసు పడితే “అనుకోకుండా పడిపోయిందండీ” అంటాం. నేరం తీసేయడానికి మనం వాడే మాటే అది.

నా జవాబు: ఇది నాకు తట్టనే లేదండీ. ‘అనుకోవడం’ లేకపోతే తప్పు లేదు. చాలా సంతోషం.

ఇంకొకరి వ్యాఖ్య: మేడమ్, ఆ ‘వద్దనుకోవడం’ మాత్రం ఎక్కడి నుంచి ఊడిపడింది? డాక్టరు భయం, మీ నాన్నగారి అలవాట్లు, మీరు పక్కన ఉండటం. అవీ కారణాలే. పేరు మార్చినంత మాత్రాన గొలుసు తెగదు.

నా జవాబు: తెగదు, ఒప్పుకుంటాను. లిబెట్ లెక్కల మీద కూడా తర్వాత గట్టి విమర్శలొచ్చాయి, దాని మీదే బరువంతా వేయను. కానీ సంస్కృత వ్యాకరణకర్త పాణిని వరసగా రాసిన రెండు సూత్రాలు చూడండి. “స్వతంత్రః కర్తా” (1.4.54). ఆ పనిలో స్వతంత్రుడే కర్త. వెంటనే “తత్ప్రయోజకో హేతుశ్చ” (1.4.55). ఆ కర్తని ప్రేరేపించేవాడు హేతువు, అతనూ కర్తే. ప్రేరేపించేవాడు వచ్చాడని మొదటివాడి కర్తృత్వం ఊడిపోలేదు. స్వతంత్రుడంటే వెనక కారణమే లేనివాడని ఆయన అనలేదు. “డాక్టరు మాన్పించారు”, “నాన్న మానేశారు”, రెండూ నిజమే. ఒకటి నిజమవడానికి రెండోది అబద్ధం కానక్కర్లేదు. నాన్న విషయంలో నేను చూసింది ఇదే.

ఒక్క సందేహం మిగిలింది. “తినబుద్ధవుతోంది”, “వెళ్లబుద్ధి కావట్లేదు” అంటాం కదా. ఇవీ ‘నాకు’ తోనే వస్తాయి. వీటికి ‘అనుకున్నాను’ లాగా ‘నేను’ తో వచ్చే జత మాట మీ వైపు ఏదైనా ఉందా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చెప్పండి.