యూదాది పశ్చాత్తాపం, పేతురుది సంతాపం: తేడా ఏమిటి?

ప్రశ్న: శ్రమకాల (లెంట్) కూడికల్లో తరచూ ఒక మాట వింటుంటాం. "ఇస్కరియోతు యూదాది ఒట్టి పశ్చాత్తాపం, అది చాలదు, మారుమనస్సు కావాలి" అని. తెలుగులో ఈ రెండు మాటలకీ నిజంగా అంత దూరం ఉందా?

జవాబు: వినడానికి బాగుంటుంది గానీ వాక్యం దగ్గర నిలబడదండీ. మత్తయి సువార్త 27:3లో, యేసుని పట్టించిన యూదా "పశ్చాత్తాపపడి" ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు. మూలంలో అక్కడున్న గ్రీకు క్రియ మెటమెలోమై. మనం మారుమనస్సు అంటున్నది మెటనోయియాని. వేరు మాటలే, కాదనను. కానీ అదే మత్తయిలో 21:29 తీయండి. ద్రాక్షతోటకి పొమ్మంటే పోనన్న కొడుకు తర్వాత "మనస్సు మార్చుకొని" వెళ్లాడు. గ్రీకులో అక్కడా మెటమెలోమైయే! కొడుకు కథ మంచిగా ముగిసింది, యూదాది ముగియలేదు. అది చూసే తెలుగు చేసినవాళ్లు మాట మార్చారేమో అని నా అనుమానం.

ఇంకోటి. శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు చదివే యోవేలు 2:13లో "పశ్చాత్తాపపడును" అన్నది దేవుణ్ణి గురించి. మనకి చెప్పింది "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని ఆయనతట్టు తిరుగుడి" అని. తక్కువరకం మాటైతే దేవుడికి వాడతారా?

కామెంట్: మరి యేసుని ఎరగనని బొంకిన పేతురు "సంతాపపడి యేడ్చెను" అని ఉందే? సంతాపం ఎవరైనా పోతే కదా తెలిపేది!

జవాబు: ఇప్పుడంటే సంతాప సభలకీ తీర్మానాలకీ మిగిలింది గానీ, సంతాపమంటే బాగా కాలిపోవడం. పశ్చాత్తాపం పని అయిపోయాక పుట్టే మంట. రెండింట్లోనూ తాపమే ఉంది కాబట్టి మాటని బట్టి ఇద్దరినీ విడదీయలేం.

నాకైతే మార్కు 14:72 ఇంకా ఇష్టం. కోడి రెండోసారి కూయగానే, నన్ను ఎరగనంటావని యేసు ముందే అన్న మాట పేతురు "జ్ఞాపకమునకు తెచ్చుకొని తలపోయుచు ఏడ్చెను". అక్కడి గ్రీకు మాట ఎపిబలోన్‌కి అర్థమేమిటో పండితులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. కుప్పకూలి ఏడ్చాడని కొందరు, ఏడవడం మొదలుపెట్టాడని కొందరు. మనవాళ్లు "తలపోయుచు" అన్నారు. గుర్తుకు రావడం మన చేతిలో లేదు, తలపోయడం మాత్రం మనమే చేసే పని. పనిపిల్ల అడిగిన ప్రశ్నకి జడిసి "ఆయనెవరో నాకు తెలియదు" అన్న ఆ ఘడియని పేతురు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడన్నమాట.

అసలు తేడా ఎవరు ఎక్కడికి వెళ్లారన్న దాంట్లో ఉంది. యూదా తన మంటని ప్రధానయాజకుల దగ్గరికి పట్టుకెళ్తే వాళ్లు "దానితో మాకేమి?" అనేశారు. పేతురు తిరిగి తనవాళ్లలోకి వచ్చాడు.

కామెంట్: అయితే లెంట్ ప్రార్థనలో ఏ మాట వాడమంటారు?

జవాబు: ఏదైనా సరేనండీ. ఈ నలభై రోజుల్లో ఎక్కువగా చదివే 51వ కీర్తనలో ఈ రెండు మాటలూ లేవు. "నా పాపమెల్లప్పుడు నాయెదుట నున్నది" అని ఉంది, అంతే.