పోలీస్ యాక్షన్ అనాలా, సైనిక చర్య అనాలా?

నల్లకుంట నుంచి:
అందరికీ నమస్కారం. మా తాతగారు నోటుపుస్తకంలో రాసుకున్న జ్ఞాపకాలు టైపు చేస్తున్నాను. 1948 ప్రస్తావన వచ్చినచోటల్లా ఆయన "పోలీస్ యాక్షన్" అనే రాశారు. "పోలీస్ యాక్షనైనంక మా బాయి మాకొచ్చింది", "పోలీస్ యాక్షన్ నాటికి నాకింకా మీసం మొలవలే", ఇలా. మా తమ్ముడేమో "వచ్చింది మిలిటరీ అయితే పోలీసులంటావేంటి, సైనిక చర్య అని మార్చు" అంటున్నాడు. మార్చొచ్చా?

మలక్‌పేట నుంచి:
మార్చకండి. సూర్యాపేట దగ్గర మా ఊళ్లో ముసలివాళ్లు వయసు చెప్పాలన్నా, పెళ్లి ఎప్పుడైందో చెప్పాలన్నా ఆ మాటతోనే లెక్క కట్టేవాళ్లు.

అంబర్‌పేట నుంచి:
విమోచన అని రాసేయండి సార్, గొడవ వదిలిపోతుంది.

మలక్‌పేట నుంచి:
వదలదండీ, అప్పుడే మొదలవుతుంది! విమోచన, విలీనం, సమైక్యత, ప్రజాపాలన... సెప్టెంబర్ 17కి ఇప్పటికే బోలెడు పేర్లు. ఆయన అడిగింది అది కాదు.

విద్యానగర్ నుంచి:
తాతగారి వాక్యాల్లో వేలు పెట్టొద్దు. బాయిని బావి అని కూడా దిద్దొద్దు. అయితే తమ్ముడి సందేహం కొట్టిపారేసేది కాదు. 1948 సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి నల్దుర్గ్ మీదుగా సంస్థానంలోకి వచ్చింది ట్యాంకులున్న ఆర్మర్డ్ డివిజన్. నడిపినవాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. సైన్యం దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాక ఆ చౌధురి గారే ఇక్కడ మిలిటరీ గవర్నర్ అయ్యారు. పోలీసుల పని పూర్తయ్యాక మిలిటరీ గవర్నర్ రావడమేమిటో చూడండి.

ఆ "పోలీసు" అన్నది చట్టం కోసం ఎంచుకున్న మాట. పోలీసులు తిరిగేది సొంత ఇలాకాలో. ఆ మాట వాడితేనే హైదరాబాదు వేరే రాజ్యం కాదని సగం వాదన అయిపోయినట్టు. ఐక్యరాజ్యసమితి చార్టర్ 2వ అధికరణం 4వ క్లాజు బలప్రయోగాన్ని నిషేధించింది కానీ, "తమ అంతర్జాతీయ సంబంధాలలో" అన్న ముక్క అందులో ఉంది. అదే అధికరణం 7వ క్లాజు దేశాల అంతర్గత వ్యవహారాల్లో సమితి జోక్యం చేసుకోరాదంటుంది. కాబట్టి 1948లో తేలాల్సింది ఒక్కటే: హైదరాబాదు రాజ్యమా, కాదా?

నిజాం ప్రభుత్వం "రాజ్యమే" అంటూ ఆగస్టు 21న భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా మండలి తలుపు తట్టొచ్చని 35వ అధికరణం చెబుతుంది, దాన్ని పట్టుకుంది. సెప్టెంబర్ 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చేతిలోకి తీసుకునేసరికి ట్యాంకులు దారిలో ఉన్నాయి. భారత్ తరఫున రామస్వామి మొదలియార్, హైదరాబాదు రాజ్యమే కాదు, ఫిర్యాదు చేసే అర్హతే దానికి లేదన్నారు. మర్నాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి పంపాడు. మండలి ఈ విషయం మీద తీర్మానమేదీ చేయలేదు. అందుకే ఆ ప్రశ్నకు మండలి నుంచి జవాబు రాలేదు, పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది.

టోలీచౌకి నుంచి:
మా ఇంట్లో పెద్దవాళ్లు ఉర్దూలో "సుకూతె హైదరాబాద్" అంటారు, హైదరాబాదు పతనమని. మామూలు మాటల్లో మాత్రం వాళ్లదీ పోలీస్ యాక్షనే. కానీ వాళ్లు ఆ మాట అన్నప్పుడు ఆ అయిదు రోజులే కాదు, ఆ తర్వాత జిల్లాల్లో జరిగిన చావులు కూడా అందులో ఉంటాయి. 27 వేల నుంచి 40 వేల మంది పోయారని, విచారించి రమ్మని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా. మీ తాతగారికి బావి తిరిగొచ్చిన కాలమే మావాళ్లకు ఊరు వదిలిన కాలం.

విద్యానగర్ నుంచి:
నిజమే భాయ్. సైనిక చర్య అని మార్చేస్తే ఈ రెండూ ఆ మాటలోంచి జారిపోతాయి.

రాంనగర్ నుంచి:
ఈ పేరు మనవాళ్లే కనిపెట్టారా?

విద్యానగర్ నుంచి:
లేదండీ. 1947 జులైలో డచ్చివాళ్లు ఇండోనేషియా మీద సైన్యాన్ని దింపి దాన్ని పోలీసు చర్య అన్నారు. తమాషా ఏమిటంటే, అప్పుడు ఆ సంగతిని భద్రతా మండలికి తీసుకెళ్లిన దేశాల్లో మనదీ ఒకటి! 1950లో కొరియా యుద్ధం గురించి విలేకరి ఒకరు ఆ మాట అందిస్తే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సరేనన్నాడు. 2019లో బాలాకోట్ దాడిని మన విదేశాంగ శాఖ "సైనికేతర ముందస్తు చర్య" అంది. 2022లో రష్యాది "ప్రత్యేక సైనిక చర్య".

ఈ ఎత్తుగడ తెలియక కాదు చట్టం రాసింది. 1928 కెలాగ్-బ్రియాండ్ ఒప్పందం "యుద్ధం" వద్దంది. మూడేళ్లకు జపాన్ మంచూరియాలో దిగి, ఇది యుద్ధం కాదు, "ఘటన" అంది. అందుకే 1945 చార్టర్‌లో నిషేధం రాసేటప్పుడు యుద్ధం అనకుండా "బలప్రయోగం" అన్నారు. యుద్ధంలో గాయపడ్డవాళ్లను, బందీలను, పౌరులను కాపాడే 1949 జెనీవా ఒప్పందాలు ఇంకో అడుగు వేశాయి: రెండు దేశాల మధ్య సాయుధ ఘర్షణ జరిగితే చాలు, యుద్ధం నడుస్తోందని ఒక పక్షం ఒప్పుకోకపోయినా అవి వర్తిస్తాయి.

అంబర్‌పేట నుంచి:
మరి టీవీల్లో "ప్రతీకార దాడి" అంటారు, అది?

విద్యానగర్ నుంచి:
అదో తలనొప్పి. ప్రతీకారంగా బలప్రయోగం చేయరాదని 1970లో సర్వప్రతినిధి సభ ప్రకటనే ఉంది. చార్టర్ 51వ అధికరణం ఒప్పుకునేది ఆత్మరక్షణనే. అందుకే మండలికి రాసే లేఖల్లో ప్రభుత్వాలు ఆత్మరక్షణ అనే రాస్తాయి. యాంకర్‌కు ఆ టెన్షన్ లేదు. మన భాషా అతనికే సాయం చేస్తుంది లెండి: చతురుపాయాల్లో దండమంటే శిక్షా అవుతుంది, సైన్యమూ అవుతుంది. దండెత్తేవాడు దండించడానికే వెళ్తున్నాడన్న ఊహ అందులోనే ఉంది.

నల్లకుంట నుంచి:
అయితే ఫుట్‌నోట్ ఏమని పెట్టను?

విద్యానగర్ నుంచి:
మొదటిసారి వచ్చినచోట ఇలా పెట్టండి: "పోలీస్ యాక్షన్: 1948 సెప్టెంబర్ 13 నుంచి 18 వరకు హైదరాబాదు సంస్థానంలో భారత సైన్యం జరిపిన సైనిక చర్యకు ప్రభుత్వం వాడిన పేరు." తమ్ముడి మాట కూడా అందులో చేరిపోతుంది. పక్కనే ఆపరేషన్ పోలో అని కూడా రాయండి, నెట్‌లో వెతికే పిల్లలకు తొందరగా దొరికేది ఆ పేరే.