దామెర్ల రామారావు బొమ్మలు: ఇన్‌స్టాగ్రామ్ సైజు చాలా, పూర్తి ఫైలు ఇవ్వాలా?

రేఖ_రంగు (చర్చ మొదలుపెట్టినవారు)

రాజమండ్రిలోని దామెర్ల రామారావు గ్యాలరీని ఉదాహరణగా తీసుకుని అడుగుతున్నాను. 1897లో పుట్టి, 28 నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు ఆయన. ఇలాంటి చిన్న గ్యాలరీల బొమ్మలు నెట్‌లో ఎక్కువగా ఫోన్ ఫొటోలుగానే తిరుగుతుంటాయి. అద్దం మీద ట్యూబ్‌లైటు మెరుపు, వంకరపోయిన ఫ్రేము, పచ్చబారిన తెలుపు. గ్యాలరీ తన సోషల్ మీడియా పేజీ చక్కగా నడిపితే సరిపోతుందా, లేక పూర్తి సైజు ఫైళ్లను ఎవరైనా దించుకునేలా పెట్టాలా?

పెట్టాలన్నదే నా పక్షం. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం అనుభవం చూడండి. పాలు వంపుతున్న పనిమనిషిని డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన బొమ్మకి నెట్‌లో పది వేలకు పైగా నకళ్లు, వాటిలో చాలావరకు పసుపు తిరిగినవే. చివరికి మ్యూజియం షాపులో సరైన రంగులున్న పోస్టుకార్డు చూసి, ఇది అసలు బొమ్మ కాదేమోనని జనం అనుమానించే దాకా వచ్చింది. మంచి ఫైలును తామే బయటపెట్టడం తప్ప దీనికి మందు లేదని వాళ్లకి అర్థమైంది. 2012లో రైక్స్‌స్టూడియో పేరుతో 1,25,000 బొమ్మలు ఉచితంగా పెట్టారు.

గ్యాలరీ_డెస్క్

రైక్స్ మ్యూజియానికి ఉన్న డబ్బు, మనుషులు వేరు. మన చిన్న గ్యాలరీల్లో టికెట్ ఇచ్చే మనిషే సాయంత్రం తాళం వేస్తాడు. అక్కడ సర్వరు ఎవరు చూసుకుంటారు?

పైగా జనం ఉన్నచోటికే మనం వెళ్లాలి. 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉన్న గ్రామీణ జీవన మ్యూజియం తన ఆర్కైవులోంచి ఒక బలిసిన పొట్టేలు పాత ఫొటో తీసి, ఒక్క వాక్యంతో ట్విట్టర్‌లో పెట్టింది. ఆ మ్యూజియం పేరు ప్రపంచమంతా పాకింది. ఫైలు సైజు కాదు, ఆ వాక్యం పనిచేసింది. ఇటలీలో ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియం కూడా 2020 లాక్‌డౌన్‌లో టిక్‌టాక్‌లో చేరాకే కుర్రకారుకి దగ్గరైంది.

ఇంకో భయం కూడా ఉంది. దేవతల బొమ్మలతో కాళ్లు తుడుచుకునే పట్టాలు (డోర్‌మ్యాట్లు) అచ్చేసి అమ్మినప్పుడు ఎంత గొడవయిందో చూశాం. పెద్ద ఫైలు చేతికిస్తే దాన్ని ఆపేదెవరు? 1080 పిక్సెళ్లు, మూలన గ్యాలరీ ముద్ర, అంతే చాలు.

ఫోకస్_ఎనిమిది

డోర్‌మ్యాట్ లెక్క ముందు చూద్దామండీ. 60 సెంటీమీటర్ల పట్టా అంటే సుమారు 23.6 అంగుళాలు. ఇన్‌స్టాగ్రామ్ నిలువు పోస్టు 1080×1350. పొడవు వైపు అంగుళానికి 57 పిక్సెళ్లు పడతాయి. కొబ్బరిపీచు మీద అచ్చుకి అది చాలు. మూలన ఉన్న ముద్రను కత్తిరించడం రెండు క్షణాల పని. అంటే మీరు చెప్పిన చిన్న సైజు దొంగని ఆపదు, A4 పేజీకి 2480×3508 పిక్సెళ్లు కావలసిన పుస్తక ప్రచురణకర్తని మాత్రం ఆపుతుంది.

అసలు నష్టం ఫొటో తీసే దశలోనే మొదలవుతుంది. అద్దం తీసే వీలున్న ఫ్రేములకి అద్దం తీయించండి, ఆ పని నిపుణుల చేతే చేయించాలి. తీయలేకపోతే కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, లెన్సు మాత్రమే బయటికి చూసేలా కన్నం పెట్టాలి. రెండు ఎల్‌ఈడీ లైట్లు బొమ్మకి రెండువైపులా 45 డిగ్రీల్లో, సమాన దూరంలో ఉండాలి. రంగుల నాణ్యత సూచీ (సీఆర్ఐ) 95కి తగ్గినవి కొనొద్దు, ఎరుపులు చచ్చిపోతాయి. నీటిరంగుల బొమ్మల మీద ప్రదర్శనలో వెలుగు 50 లక్స్ (కాంతి కొలమానం) దాటకూడదన్నది మ్యూజియంల నియమం. కాంతి దెబ్బ కూడబెట్టుకుంటూ పోతుంది కాబట్టి ఫొటో తీసే ఆ కొద్ది నిమిషాలకే లైట్లు పెంచి వెంటనే ఆర్పేయాలి.

60 నుంచి 100 ఎంఎం మధ్య మాక్రో లెన్సు, ఎఫ్8, ఐఎస్ఓ 100 లేదా అంతకన్నా తక్కువ. కెమెరా సెన్సరు బొమ్మకి సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకబారుతుంది. బొమ్మ మధ్యలో చిన్న అద్దం ఆనించి, అందులో లెన్సు తనకి తానే నడిమధ్యన కనిపించేదాకా స్టాండు సర్దితే ఆ సమస్య పోతుంది. మొదటి ఫ్రేములో 24 గళ్ల రంగుల కార్డు తప్పనిసరి. లెన్సుకి పోలరైజర్ ఫిల్టర్ వాడితే మెరుపు పోతుంది, నిజమే. కానీ తైలవర్ణ చిత్రాల మీద కుంచె దిబ్బలు కూడా చదునైపోతాయి, నలుపులు మరీ చిక్కబడతాయి. నీటిరంగులకి మాత్రం పోలరైజర్‌తో పెద్దగా పని ఉండదు.

45 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫ్రేము 8256×5504. దాన్ని కుదించకుండా 16 బిట్ టిఫ్ ఫైలుగా దాస్తే ఒక్కోటి సుమారు 270 ఎంబీ. 200 బొమ్మలకి 54 జీబీ. రెండు హార్డ్‌డిస్కులు, వేరే ఊళ్లో మూడో కాపీ. అంతకుమించి ఖర్చేమీ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌కి వెళ్లేది అందులో ముప్పయ్యో వంతు, అదీ మళ్లీ కుదించి. పెట్టేముందు ఎస్‌ఆర్‌జీబీకి, అంటే నెట్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతికి మార్చండి. అడోబీ ఆర్‌జీబీలోనే వదిలేస్తే చాలా యాప్‌ల్లో రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి. "బొమ్మ పాలిపోయింది" అన్న కామెంట్ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

సర్వరు గురించి: లిబ్‌విప్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో డీజెడ్‌సేవ్ కమాండ్ ఒక్క ఫైలును సుమారు వెయ్యి చిన్న పలకలుగా కోసిపెడుతుంది. ఓపెన్‌సీడ్రాగన్ అనే ఉచిత వ్యూయర్ వాటిని దగ్గరికి లాగి చూసేలా చూపిస్తుంది. మామూలు వెబ్‌సైటు ఉంటే చాలు, ప్రత్యేక సర్వరు అక్కర్లేదు.

సెక్షన్_52

చట్టం వైపు నుంచి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది, మరణించిన ఏడాది తర్వాతి జనవరి నుంచి లెక్క. దామెర్ల బొమ్మలకి ఎలా చూసినా గడువు ఎప్పుడో తీరింది. అడివి బాపిరాజు 1952లో పోయారు, 2012తో తీరింది. వడ్డాది పాపయ్య 1992, కాబట్టి 2052 చివరిదాకా ఉంటుంది. బాపు 2014, కాబట్టి 2074 దాకా. గోడమీద పక్కపక్కన వేలాడే బొమ్మలకి న్యాయస్థితి ఒకటి కాదు. ఈ జాబితా తయారుకాకుండా "అన్నీ పెట్టేద్దాం" అనడం ప్రమాదం. బొమ్మ కొన్నంతమాత్రాన కాపీరైట్ గ్యాలరీకి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గడువు తీరిన బొమ్మను ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే ఆ ఫొటోకి కొత్త హక్కు పుడుతుందా? అమెరికాలో 1999 బ్రిడ్జ్‌మన్ తీర్పు పుట్టదంది. యూరోపియన్ యూనియన్ 2019 ఆదేశంలోని 14వ అధికరణం అదే చెప్పింది. మన సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో శ్రమ ఒక్కటే చాలదు, కొంతైనా సృజన ఉండాలంది. ఆ కొలతతో చూస్తే నకలు ఫొటో మీద గ్యాలరీ హక్కు చెప్పుకోవడం బలహీనమైన వాదనే.

శిల్పాల సంగతి వేరు. కోణం, వెలుగు ఎంచుకోవాలి కాబట్టి ఆ ఫొటోకి కొత్త హక్కు పుడుతుంది. గ్యాలరీ డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు మన చట్టం ప్రకారం ఆ హక్కు గ్యాలరీదే; ఫొటోగ్రాఫరు తనంతట తాను తీసినదైతే ఆయనతో రాతపూర్వక ఒప్పందం లేకుండా ఉచిత లైసెన్సు ఇవ్వడం కుదరదు.

గ్యాలరీ_డెస్క్

ఇటలీ మాత్రం ఒప్పుకోలేదుగా? 2004 సాంస్కృతిక వారసత్వ చట్టం పట్టుకుని, బోటిచెల్లి వీనస్ బొమ్మను బట్టల మీద అచ్చేసినందుకు జాన్ పాల్ గోటియే సంస్థ మీద 2022లో ఉఫీజీ దావా వేసింది. వాడుకున్నవాడు రుసుము కట్టాలనడంలో తప్పేముంది? చిన్న గ్యాలరీకి ఆ కాస్త డబ్బే పైకప్పు మరమ్మతుకి ఆధారం కావచ్చు.

సెక్షన్_52

అదే చట్టంతో, డావిన్చీ గీసిన విట్రూవియన్ మనిషి బొమ్మతో చేసిన పజిల్ మీద జర్మన్ కంపెనీ రావెన్స్‌బర్గర్‌ను వెనిస్ కోర్టు ఆపింది. కానీ ఇటలీ చట్టం ఇటలీ బయట చెల్లదని 2024లో స్టుట్‌గార్ట్ కోర్టు తేల్చింది. గెలిచేది సరిహద్దు లోపలే. ఇక రుసుముల మాట: 2004లో అమెరికా ఆర్ట్ మ్యూజియంల మీద సైమన్ టానర్ చేసిన అధ్యయనంలో, బొమ్మల హక్కులు అమ్మి ఖర్చులు పోను చెప్పుకోదగ్గ లాభం మిగిలిందన్న మ్యూజియం ఒక్కటీ లేదు. బిల్లు రాసేవాడి జీతానికే సరిపోతుంది.

వికీ_కృష్ణ

అమరావతి శిల్పాలు ఈ చర్చకి అసలైన ఉదాహరణ. బ్రిటిష్ మ్యూజియం వాటి మంచి ఫొటోలు నెట్‌లో పెట్టింది, కానీ సీసీ (క్రియేటివ్ కామన్స్) బీవై-ఎన్‌సీ-ఎస్ఏ లైసెన్సుతో. అందులో ఎన్‌సీ, అంటే "వాణిజ్యానికి వాడరాదు" అన్న ఒక్క షరతు వల్ల అవి వికీపీడియాకి బొమ్మలందించే ఉచిత భాండాగారం వికీమీడియా కామన్స్‌లోకి రావు. కామన్స్‌కి రాకపోతే తెలుగు వికీపీడియా వ్యాసంలోకీ రావు. మన పాత గుంటూరు జిల్లా రాళ్లు మన భాష వ్యాసంలో కనిపించడానికి ఎవరో ఔత్సాహికుడు లండన్ వెళ్లి తీసిన ఫొటో దిక్కు. న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000 బొమ్మల్ని ఏ షరతూ లేని సీసీ0 కింద ఇచ్చింది. అక్కడి గోల్కొండ కలంకారీ రుమాలు ఏ తెలుగు వ్యాసంలోనైనా రేపే పెట్టుకోవచ్చు. చిన్న గ్యాలరీ చేయగల అతి పెద్ద తప్పు ఆ ఎన్‌సీ షరతు తగిలించడమేనని నా గట్టి నమ్మకం.

సోషల్ మీడియా మీద పూర్తిగా ఆనుకోవడమూ ప్రమాదమే. వియన్నా మ్యూజియంలోని విల్లెన్‌డార్ఫ్ వీనస్ అనే ప్రాచీన స్త్రీ ప్రతిమ ఫొటోని ఫేస్‌బుక్ నగ్నత్వం పేరుతో తొలగించి, 2018లో క్షమాపణ చెప్పింది. మన యక్షి శిల్పాలకి ఆ గతి పట్టదన్న హామీ లేదు. సొంత సర్వరు ఒక్కటే ఉన్నా అంతే. 2023 అక్టోబరు సైబర్ దాడితో బ్రిటిష్ లైబ్రరీ కేటలాగే నెలల తరబడి మూతపడింది. 2013లో వాళ్లు ఫ్లికర్‌లో పెట్టిన పది లక్షల పైచిలుకు బొమ్మలు వేరేచోట ఉన్నందున అందుబాటులోనే ఉన్నాయి.

పెడన_అచ్చు

కలంకారీ మాట వచ్చింది కాబట్టి. ఆ రుమాలు పూర్తి ఫైలు అచ్చు దిమ్మలు చెక్కేవాళ్లకి ఎంత ఉపయోగమో చెప్పలేను: గీత మందం, చుక్కల మధ్య దూరం, అంచు తీగ మలుపు అన్నీ కొలుచుకోవచ్చు. కానీ అదే ఫైలును డిజిటల్ ప్రింటు మిల్లు నేరుగా గుడ్డ మీదికి ఎక్కిస్తుంది, చెక్కే పనే లేకుండా. భౌగోళిక గుర్తింపు (జీఐ) "మచిలీపట్నం కలంకారీ" అన్న పేరుని కాపాడుతుంది తప్ప డిజైన్‌ని కాదు. ఫైళ్లు మూసిపెట్టమని నేను అనడం లేదు. 400 ఏళ్లనాటి గుడ్డ తెరవండి, ఇప్పుడు బతికున్న కళాకారుల పనిని వాళ్ల సంతకం లేకుండా తెరవకండి. మ్యూజియంలు ప్రదర్శనల పోస్టుల్లో ఈ రెంటినీ కలిపేస్తున్నాయి.

రేఖ_రంగు

పెడన గారి షరతు పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అయితే క్రమం ఇలా ఉండొచ్చు. ముందు సెక్షన్ గారు చెప్పిన జాబితా: బొమ్మ, చిత్రకారుడు పోయిన సంవత్సరం, గడువు. తీరిన వాటిలో ఇరవై ఎంచి ఫొటో తీయించి, పూర్తి జేపెగ్ సీసీ0 కింద కామన్స్‌లో పెట్టడం. ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి ఒక బొమ్మ, మొత్తం కాకుండా ఒక చేయి, ఒక చీర అంచు, వివరం కనిపించేలా. క్యాప్షన్‌లో లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి ప్రొఫైల్‌లో ఒకే లింకు ఉంచాలి. పొట్టేలు ఫొటోకి పనిచేసిన ఆ వాక్యం ఇక్కడా కావాలి, అందులో గ్యాలరీ_డెస్క్ గారిదే సరైన మాట.

గ్యాలరీ_డెస్క్

ఇరవై బొమ్మలైతే చేయగలిగిన పనే. కానీ పూజలో ఉన్న విగ్రహాల ఫొటోలు, త్రీడీ స్కాన్లు ఇందులోకి రాకూడదు. కంచు విగ్రహం త్రీడీ ఫైలు నకిలీలు పోతపోసేవాడికి సగం పని చేసిపెడుతుంది. అక్కడ నా అభ్యంతరం అలాగే ఉంది.

ఫోకస్_ఎనిమిది

త్రీడీ వేరే చర్చ పెట్టండి, వస్తాను. ఈ ఇరవైకి ఒక్క మాట: ఫైలు లోపల వివరాలు రాసుకునే ఐపీటీసీ గడుల్లో చిత్రకారుడు, బొమ్మ పేరు, కొలతలు సెంటీమీటర్లలో, గ్యాలరీ నమోదు సంఖ్య, సీసీ0 నింపండి. సోషల్ మీడియాకి ఎక్కిస్తే అవి చాలావరకు చెరిగిపోతాయి, అందుకే క్యాప్షన్‌లోనూ అవే రాయాలి. నమోదు సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టండి. "ఫైనల్_2" అని పెట్టిన ఫైలు ఏ బొమ్మదో రెండేళ్ల తర్వాత తెరిస్తే తప్ప తెలియదు.